బీఎఫ్‌ఏ తర్వాత ఇలస్ట్రేషన్: ఓరుగల్లులోనే మొదలుపెట్టడమా, హైదరాబాద్ వెళ్లడమా

ఫైన్ ఆర్ట్స్ కళాశాలలో నాలుగేళ్ల బీఎఫ్‌ఏ చదువు ముగించుకుని హనుమకొండకో, కరీంనగర్‌కో, మంచిర్యాలకో తిరిగి వచ్చిన యువ చిత్రకారుల ముందు సాధారణంగా నాలుగు దారులు ఉంటాయి. హైదరాబాద్‌లో యానిమేషన్, గేమింగ్ లేదా ప్రకటనల సంస్థలో నెలజీతానికి చేరడం మొదటిది. ఇంటి దగ్గరే ఉండి పిల్లల పుస్తకాలకు, పత్రికలకు, ముఖచిత్రాలకు బొమ్మలు గీసివ్వడం రెండోది. బడి గోడలు, పెండ్లి పత్రికలు, పోర్ట్రెయిట్లు, దుకాణాల బోర్డులు వంటి ఊళ్లో దొరికే పనులు చేసుకోవడం మూడోది. ఫైవర్, అప్‌వర్క్ వంటి ఆన్‌లైన్ వేదికల ద్వారా విదేశీ కొనుగోలుదారులను వెతుక్కోవడం నాలుగోది. వీటిని పోల్చేటప్పుడు ఇంట్లోవాళ్లు, స్నేహితులు మొదట అడిగేది నెలకు ఎంత వస్తుందని. ఆ ప్రశ్న అడగవలసిందే. అయితే దానితోపాటు, ఏడాది గడిచేసరికి మీ పోర్ట్‌ఫోలియోలో, అంటే పని అడిగేటప్పుడు చూపించే బొమ్మల సంపుటిలో, ఎలాంటి బొమ్మలు చేరి ఉంటాయన్నది కూడా అడగాలి. నా దృష్టిలో ఈ రెండో ప్రశ్నకే ఎక్కువ బరువు ఇవ్వాలి.

ఇందుకు కారణం ఈ వృత్తి నడిచే తీరులోనే ఉంది. ఇలస్ట్రేటరుకు, అంటే పుస్తకాలకు, పత్రికలకు బొమ్మలు గీసేవారికి, పని ఇచ్చేవారు తాము ఇదివరకు చూసినటువంటి బొమ్మనే మళ్లీ అడుగుతారు. నాలుగు ఫ్లెక్సీలు చేసినవారికి ఐదో ఫ్లెక్సీ వస్తుంది, కుక్కపిల్లల పోర్ట్రెయిట్లు పెట్టినవారికి మరో కుక్కపిల్ల వస్తుంది. పిల్లల పుస్తకం గీయగల నేర్పు ఎంత ఉన్నా, చూపించడానికి ఒక కథకు వరుసగా గీసిన బొమ్మలు లేకపోతే ఏ సంపాదకులూ సాహసించి పుస్తకం చేతికివ్వరు. కాబట్టి మొదటి ఏడాది ఒప్పుకునే ప్రతి పనీ కొంతవరకు రెండో ఏడాది రాబోయే పనిని నిర్ణయిస్తుంది. కింది పోలికంతా ఈ దృష్టితో చేసినదే. డబ్బు ఎంత తొందరగా చేతికి వస్తుంది, బొమ్మ మీద హక్కు ఎవరికి మిగులుతుంది అనే రెండు విషయాలను కూడా పక్కన పెట్టుకుని చూద్దాం.

హైదరాబాద్ స్టూడియో

యానిమేషన్, గేమ్‌ల బ్యాక్‌గ్రౌండ్లు, క్యారెక్టర్ డిజైన్ మీ ఆశయమైతే పెద్దగా ఆలోచించవలసింది లేదు, వెళ్లిపోవడమే మంచిది. ఛోటా భీమ్‌ను తయారుచేసిన గ్రీన్ గోల్డ్ సంస్థ హైదరాబాద్‌దే. ఈ రంగంలో పని ఎప్పుడూ బృందంగా సాగుతుంది, ఆ క్రమశిక్షణ గదిలో ఒంటరిగా కూర్చుని నేర్చుకోగలిగేది కాదు. ఫైలులో లేయర్లకు పేర్లు పెట్టడం, ఇతరులు వేసిన గీతకు కొనసాగింపుగా గీయడం, ఆర్ట్ డైరెక్టర్ దిద్దుబాట్లను మనసు కష్టపెట్టుకోకుండా అమలు చేయడం, గడువు అంటే ఏమిటో తెలుసుకోవడం వంటివి కళాశాల నేర్పనివి, స్టూడియో ఆరు నెలల్లో నేర్పేవి.

అయితే ఆ ఉద్యోగంలో మీరు గీసిన బొమ్మల మీద హక్కు మీది కాదు. కాపీరైట్ చట్టం 1957లోని 17వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగ విధుల్లో భాగంగా చేసిన రచనకు, వేరే ఒప్పందం లేనంతవరకు, యజమాని సంస్థే మొదటి హక్కుదారు. పైగా ఆ పని విడుదలయ్యేదాకా ఎవరికీ చూపించకూడదనే గోప్యతా షరతు చాలాచోట్ల ఉంటుంది. అంటే రెండేళ్లు రాత్రింబవళ్లు గీసినా, బయటకు వచ్చేనాటికి చూపించుకోవడానికి బొమ్మలు లేని పరిస్థితి ఎదురుకావచ్చు. నియామక పత్రంలో మూడు విషయాలను సంతకానికి ముందే చదవాలి: బయటి పని చేసుకోనిస్తారా, విడుదల తర్వాత మీ భాగాన్ని పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోనిస్తారా, గడువులోపు మానేస్తే కట్టవలసిన బాండు ఏమైనా ఉందా.

జీతం విషయానికి వస్తే, ఒక ఉదాహరణగా నెలకు 20,000 రూపాయలు ఇస్తారనుకుందాం. షేరింగ్ గది, భోజనం, మెట్రో, బస్సు చార్జీలు, పండుగలకు ఊరికి రాకపోకలు కలిపి 12,000 రూపాయలైతే చేతిలో మిగిలేది 8,000. ఇంటి అద్దె లేకుండా అమ్మచేతి భోజనంతో హనుమకొండలో ఉంటూ నెలకు పది, పదకొండు వేలు సంపాదించేవారు కూడా దాదాపు అంతే మిగుల్చుకోగలరు, పైగా రోజులో సగభాగం తమ సొంత పనికి ఉంచుకోగలరు. సొంత ఇల్లు ఉండడం ఈ వృత్తిలో చాలామంది లెక్కలోకి తీసుకోని పెట్టుబడి. నెలనెలా ఇంటికి డబ్బు ఇవ్వవలసిన పరిస్థితి ఉన్నవారికి మాత్రం ఈ లెక్క వర్తించదు. వారికి ప్రతి నెలా ఒకటో తేదీన వచ్చే జీతమే సరైనది, అందులో చిన్నతనంగా భావించవలసింది ఏమీ లేదు.

ప్రచురణకర్తలతో పని

పుస్తకాల బొమ్మల కోసం హైదరాబాద్‌లో నివసించవలసిన అవసరం ఇప్పుడు లేదు. చందమామ వెలుగొందిన రోజుల్లో చిత్రకారులు మద్రాసులోని పత్రికా కార్యాలయంలో కూర్చుని నెలజీతంపై గీసేవారు. నేడు పిల్లల పుస్తకాల బొమ్మలు చాలావరకు బయటి చిత్రకారులతోనే, ఈమెయిలు మీదనే సాగిపోతున్నాయి. తెలుగులో ‘మంచి పుస్తకం’, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ అనే ప్రచురణ సంస్థలు; చెన్నైలో 1996 నుంచి నడుస్తూ తెలుగులోనూ పుస్తకాలు తెస్తున్న తూలిక; 2004లో మొదలైన ప్రథమ్ బుక్స్; 1957లో ఏర్పడిన నేషనల్ బుక్ ట్రస్ట్ వంటివి ముందుగా గమనించవలసిన పేర్లు. కాజీపేట నుంచి సికింద్రాబాద్ ఎక్స్‌ప్రెస్ రైలులో రెండు, రెండున్నర గంటల ప్రయాణమే కాబట్టి, ముఖాముఖి కలవవలసి వస్తే పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి రావచ్చు. ఏటా డిసెంబరు ప్రాంతంలో జరిగే హైదరాబాద్ పుస్తక ప్రదర్శనకు వెళితే, ఎవరు ఎలాంటి బొమ్మలను ఇష్టపడుతున్నారో పుస్తకాలు తిరగేసి ఒక్కరోజులో గ్రహించవచ్చు. అక్కడ స్టాలులో కూర్చున్నవారికి అమ్మకాల హడావిడి ఉంటుంది కనుక, పోర్ట్‌ఫోలియో విప్పి చూపించడం కన్నా, సంపాదకుల ఈమెయిలు అడిగి తీసుకుని వారం తర్వాత రాయడం ఉభయులకూ సుఖం.

పంపవలసిన నమూనాల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కళాశాల నుంచి వచ్చినవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. మనుషులను చూసి గీసిన లైఫ్ స్టడీలు, వస్తువులను చూసి గీసిన స్టిల్ లైఫ్, ఆయిల్ పెయింటింగులు చూసి పిల్లల పుస్తకం ఇవ్వరు. సంపాదకులు చూసేది, ఒకే పాప మొదటి పేజీలో నిలబడి, మూడో పేజీలో పరుగెత్తి, ఐదో పేజీలో వెనక్కి తిరిగి ఏడ్చినా అదే పాపగా గుర్తుపట్టగలమా అన్నది. ఒక చిన్న జానపద కథను తీసుకుని వరుసగా నాలుగైదు జంట పేజీలు పూర్తి రంగుల్లో, మిగిలిన కథంతా పెన్సిల్ స్కెచ్‌లలో వేసి, మాటలకు చోటు వదిలి చూపిస్తే, ఇరవై విడి బొమ్మలు చేయలేని పని అది చేస్తుంది. ఉత్తర తెలంగాణలో పెరిగినవారికి ఇక్కడ ఒక సహజమైన బలం ఉంది. గూనపెంకుల ఇల్లు లోపల ఎలా ఉంటుందో, బతుకమ్మలో తంగేడు, గునుగు ఏ వరుసలో పేరుస్తారో, మేడారం జాతరలో నెత్తిన బంగారమనే బెల్లం మోసేవారు ఎలా నడుస్తారో, రామప్ప గుడి మదనిక శిల్పాల నిలువు ఎలా వంగి ఉంటుందో చూసి తెలుసుకున్నవారు గీసిన బొమ్మకూ, గూగుల్‌లో వెతికి గీసిన బొమ్మకూ తేడా వెంటనే తెలిసిపోతుంది.

ఇదే సందర్భంలో చేర్యాల నకాశీ చిత్రాల ప్రస్తావన రాక తప్పదు. ఎర్రని నేల మీద కథను అరలు అరలుగా చెప్పే ఆ పటాల కూర్పు నుంచి పుస్తక చిత్రకారులు నేర్చుకోవలసింది ఎంతో ఉంది. అయితే చేర్యాల చిత్రాలకు భౌగోళిక గుర్తింపు, అంటే ఒక ప్రాంతపు ఉత్పత్తి పేరుకు చట్టం ఇచ్చే రక్షణ, ఉన్నందున, ఆ పేరు వాడుకుని సరుకు అమ్మే అధికారం అక్కడి నమోదైన కళాకారులదే. ప్రేరణ పొందండి, కూర్పు అధ్యయనం చేయండి. టాబ్లెట్ మీద గీసిన ప్రింటుకు చేర్యాల పెయింటింగ్ అని పేరు పెట్టి అమ్మకండి.

డబ్బు దగ్గర ఈ దారి నెమ్మదిగా ఉంటుంది. బొమ్మల పుస్తకం సాధారణంగా 24 లేదా 32 పేజీలు ఉంటుంది. పేజీలవారీ చిన్న స్కెచ్‌ల స్టోరీబోర్డు, రఫ్‌లు, దిద్దుబాట్లు, రంగులు, ముఖచిత్రం అన్నీ కలిపి రెండు, మూడు నెలలు పడుతుంది. ఉదాహరణకు 36,000 రూపాయలకు ఒప్పుకుని 60 పనిదినాలు పట్టిందనుకుంటే రోజుకు 600 రూపాయలు గిట్టుబాటైనట్టు. రాయల్టీ ఇస్తామంటే పొంగిపోకుండా లెక్క వేసుకోవాలి: 60 రూపాయల ధర గల పుస్తకం 2,000 ప్రతులు అచ్చయి, చిత్రకారుని వాటా 5 శాతమైతే, చివరి ప్రతి అమ్ముడయ్యేసరికి చేతికి వచ్చేది మొత్తం 6,000 రూపాయలే. చిన్న ముద్రణలకు ఏకమొత్తం పారితోషికం తీసుకుని, పునర్ముద్రణకు, ఇతర భాషల ప్రతులకు అదనంగా ఇవ్వాలని రాయించుకోవడమే తెలివైన పని. ఆ పారితోషికం కూడా పుస్తకం అచ్చయ్యాక ఇస్తామంటే ఒప్పుకోవద్దు. స్కెచ్‌లు ఆమోదించినప్పుడు కొంత, రంగుల బొమ్మలు అందించినప్పుడు మిగతాది అని విడగొట్టి అడగడం న్యాయమైన కోరికే, ఎక్కువమంది ఒప్పుకుంటారు కూడా.

ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ అనే ఆన్‌లైన్ కథల వేదిక గురించి ఒక మాట. అక్కడి కథలు, బొమ్మలు క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉంటాయి, అంటే మీ పేరు పేర్కొని ఎవరైనా వాటిని తిరిగి వాడుకోవచ్చు, వ్యాపారానికి కూడా. బొమ్మ మీద పట్టు వదులుకుంటున్నారన్నది నిజమే. మరోవైపు అనేక భాషల్లోకి అనువాదమైన పుస్తకం మీద మీ పేరు కనిపిస్తుంది. మొదటి పుస్తకానికి ఈ మారకం లాభసాటి అని నేను అనుకుంటాను. ఐదో పుస్తకానికి అనుకోను.

ఊళ్లో దొరికే పని

కళాశాలలో చదివినవారు ఈ పనిని తక్కువగా చూస్తారు గాని, చేతికి అన్నిటికంటే ముందు డబ్బు ఇచ్చేది ఇదే. బడి గోడనే తీసుకోండి. 10 అడుగుల ఎత్తు, 60 అడుగుల పొడవు గల ప్రహరీ అంటే 600 చదరపు అడుగులు. అడుగుకు 40 రూపాయలని మాట్లాడుకున్నారనుకుంటే 24,000. ప్రైమరు, రంగులు, పరంజా, సహాయకుని కూలి కలిపి 9,000 పోతే 15,000 మిగులుతుంది. ఎనిమిది రోజుల్లో పూర్తిచేస్తే రోజుకు సుమారు 1,900 రూపాయలు. పైన చెప్పిన పుస్తకంతో పోలిస్తే ఇది మూడింతలు. ప్రైవేటు బడులు తిరిగి తెరిచేలోపు, అంటే ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారం వరకు ఈ పని జోరుగా ఉంటుంది. ఓరుగల్లు ఎండల్లో మిట్టమధ్యాహ్నం గోడ మీద రంగు వేయడం మనిషికీ మంచిది కాదు, రంగుకూ మంచిది కాదు కనుక తెల్లవారుజామున మొదలుపెట్టి పదిగంటలకు ఆపే వేళల ప్రకారం రోజులను లెక్కించుకోవాలి. ప్రభుత్వ పనులైతే బిల్లు ఆలస్యమయ్యే అవకాశం ఉంటుంది. కనీసం రంగుల ఖర్చు ముందుగా చేతికి రానిదే బ్రష్ పట్టవద్దు.

మరి రోజుకు మూడింతలు వచ్చే పనిని ఏడాదంతా ఎందుకు చేయకూడదు? చేయవచ్చు, కాని ఏడాది చివర మీ పోర్ట్‌ఫోలియోలో మిగిలేవి అక్షరమాల, జాతీయ నాయకులు, భారతదేశ పటం, చేతులు కడుక్కునే బొమ్మ. వాటిని చూసి వచ్చేది మరో గోడ. దీనికి ఒక చక్కని విరుగుడు ఉంది. నాలుగు గోడలు యాజమాన్యం అడిగినట్టు గీస్తూ, ఒక గోడ మాత్రం మీ సొంత కూర్పుతో, అదే ధరకు గీయనివ్వమని మాట్లాడుకోండి. హెడ్‌మాస్టర్లు చాలామంది ఇందుకు అభ్యంతరం చెప్పరు. ఆ ఒక్క గోడను మంచి వెలుతురులో ఫోటో తీసి పెట్టుకుంటే, తర్వాత హోటలు, లైబ్రరీ, కార్యాలయం వంటి మెరుగైన పనులకు అదే పిలుపు అవుతుంది.

పెండ్లి పత్రికలు, వధూవరుల క్యారికేచర్ల విషయం వేరు. కృత్రిమ మేధతో నిమిషంలో బొమ్మ తీసి ఇచ్చే వీలు ప్రతి ఫోనులోకీ వచ్చాక, ఈ తక్కువ ధరల పనిలో రేట్లు నిలబడడం కష్టం. అక్కడ పోటీ పడవద్దు. కాని చేతితో రాసే తెలుగు అక్షరాలకు మాత్రం ఇంకా గిరాకీ ఉంది. ఇక్కడి ప్రెస్సుల్లో నేటికీ అను ఫాంట్లు, పేజ్‌మేకర్, కోరల్‌డ్రా సాఫ్ట్‌వేర్ల మీదే పని నడుస్తోంది. అందరి పత్రికల మీదా అవే నాలుగైదు అక్షరాల తీరులు కనిపిస్తాయి. ఒత్తులు, గుణింతాలు కుదిరేలా ఒక పుస్తకం పేరునో, దుకాణం పేరునో సొంతంగా అల్లి ఇవ్వగలవారు అరుదు. దాన్ని ఫాంటు అవసరం లేని గీతలుగా (కర్వ్స్‌గా) మార్చి ఇస్తే ఏ ప్రెస్సులోనైనా ఇబ్బంది లేకుండా అచ్చవుతుంది. ముఖచిత్రాల వైపు వెళ్లదలచినవారికి ఇది రెండు రకాలా కలిసివస్తుంది.

డ్రాయింగ్ క్లాసులు చెప్పడం కూడా ఈ కోవలోనిదే. వేసవి శిబిరాలు, లోయర్, హయ్యర్ గ్రేడ్ డ్రాయింగ్ పరీక్షల శిక్షణ కలిపి సాయంత్రం రెండు గంటలు కేటాయిస్తే నెల ఖర్చులు గడుస్తాయి, పగలు చేతిలో ఉంటుంది. గురుకులాల ఆర్ట్ టీచర్ పోస్టుల మీద ఆశ ఉన్నవారు, నోటిఫికేషన్ వచ్చాక పరుగులు పెట్టకుండా, అడిగే అర్హతలను పాత నోటిఫికేషన్లలో ముందే చూసిపెట్టుకోవాలి.

ఆన్‌లైన్ వేదికలు

వీటి గురించి ప్రచారం ఎక్కువ కాబట్టి క్లుప్తంగా చెబుతాను. ఫైవర్ అమ్మకందారు నుంచి 20 శాతం తీసుకుంటుంది. 50 డాలర్ల బొమ్మకు మీకు వచ్చేది 40, దాని నుంచి మళ్లీ మారకపు ఖర్చులు. అప్‌వర్క్‌లో ప్రతి ప్రతిపాదన పంపడానికి కనెక్ట్స్ అనే టోకెన్లు ఖర్చవుతాయి, పని రాకపోయినా ఆ ఖర్చు పోతుంది. రివ్యూలు లేనిదే పని రాదు, పని లేనిదే రివ్యూలు రావు. ఈ ముడి విప్పడానికి మొదటి నెలల్లో చాలా తక్కువ ధరకు, అమెరికా వేళలకు రాత్రుళ్లు మేల్కొని, ఎవరి శైలిలోనో గీయవలసి వస్తుంది. ఒక స్థిరమైన శైలి, పది, పదిహేను మంచి బొమ్మలు, ఇంగ్లీషులో తడబడకుండా ఈమెయిలు రాయగల నేర్పు ఏర్పడ్డాక వెళితే ఇవి ఉపయోగపడతాయి. అంటే రెండో ఏడాది. అప్పటికి కూడా, చిత్రకారులు బొమ్మలు పెట్టే బిహాన్స్‌లోనో, ఇన్‌స్టాగ్రామ్‌లోనో మీ బొమ్మ చూసి నేరుగా రాసిన కొనుగోలుదారే మేలు, మధ్యలో వాటా పోదు. ఆన్‌లైన్ చెల్లింపుల సంస్థ పేపాల్ 2021 ఏప్రిల్ నుంచి భారతదేశంలో దేశీయ చెల్లింపులు ఆపివేసింది. విదేశాల నుంచి డబ్బు తెప్పించుకోవడానికి మాత్రం పనికివస్తుంది.

పరికరాల మీద అప్పు చేయడం మాత్రం ఏ దారిలోనూ అవసరం లేదు. తెర లేని పెన్ టాబ్లెట్ కొన్ని వేల రూపాయల్లో వస్తుంది, బొమ్మలు గీసే క్రితా సాఫ్ట్‌వేర్ ఉచితం. ఐప్యాడ్, అందులో బొమ్మలు గీసే ప్రోక్రియేట్ యాప్ హాయిగా ఉంటాయి గాని, వాటికి పెట్టే డబ్బుతో ఇంట్లో ఉండి మూడు, నాలుగు నెలలు సొంత పని చేసుకోవచ్చు.

హక్కు ఎవరిది

నాలుగు దారుల మధ్య అసలైన వ్యత్యాసం చాలాసార్లు ఇక్కడే తేలుతుంది. స్వతంత్రంగా గీసిన బొమ్మకు సాధారణంగా చిత్రకారుడే మొదటి హక్కుదారు. కాని అదే 17వ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది: ఎవరైనా కోరి, డబ్బు ఇచ్చి పెయింటింగ్ లేదా పోర్ట్రెయిట్ గీయించుకుంటే, దానికి విరుద్ధమైన ఒప్పందం లేనప్పుడు గీయించుకున్నవారే మొదటి హక్కుదారు అవుతారు. మాట మీద ఒప్పుకున్న పనిలో చిత్రకారుని పక్షం ఎందుకు బలహీనమో దీన్నిబట్టి తెలుస్తుంది. ఒక ఈమెయిలు చాలు, అందులో నాలుగు సంగతులు ఉండాలి: బొమ్మను దేనికి వాడుకుంటారు, ఎంతకాలం, ఏ భాషల్లో, హక్కు ఎవరిది.

పూర్తి హక్కులు రాసివ్వమన్నప్పుడు 19వ సెక్షన్ గుర్తుండాలి. హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. కాలవ్యవధి రాయకపోతే ఐదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని చట్టం భావిస్తుంది. అందువల్లనే కొందరు కొనుగోలుదారులు శాశ్వతంగా, ప్రపంచమంతటా అనే మాటలు జాగ్రత్తగా చేరుస్తారు; ఆ మాటలు కనిపించిన చోట ధర పెంచి అడగడం మీ బాధ్యత. చిత్రకారుని జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు ఉండే హక్కును ముఖచిత్రం ధరకు వదులుకోవడం అన్యాయం. హక్కులన్నీ ఇచ్చివేసినా, ఆ బొమ్మ తనదని చెప్పుకునే హక్కు, తన పరువుకు భంగం కలిగేలా దాన్ని వక్రీకరిస్తే అడ్డుకునే హక్కు 57వ సెక్షన్ కింద చిత్రకారునికి మిగిలే ఉంటాయి. పోర్ట్‌ఫోలియోలో చూపించుకునే అనుమతి మాత్రం విడిగా రాయించుకోవాలి.

బకాయిల విషయంలో ఒక ఉపాయం చాలామందికి తెలియదు. చిన్న సంస్థల నమోదుకు కేంద్ర ప్రభుత్వం నడిపే ఉద్యమ్ పోర్టల్‌లో సూక్ష్మ సంస్థగా ఉచితంగా నమోదు చేసుకుంటే, 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి (ఎంఎస్‌ఎంఈడీ) చట్టం కింద కొనుగోలుదారు ఒప్పుకున్న గడువులో, ఎంత ఎక్కువైనా 45 రోజుల్లో చెల్లించాలి. గడువు రాసుకోకపోతే 15 రోజుల్లో. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ అడగవచ్చు, ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. పని ఒప్పుకోకముందే నమోదు పూర్తయి ఉండాలి, బిల్లు మీద ఆ సంఖ్య వేయాలి. ఒక్కోసారి ఆ సంఖ్య చూసినందుకే డబ్బు త్వరగా వస్తుంది. పన్ను సంగతి ఇంతే: ఏడాదిలో చట్టం పెట్టిన పరిమితి దాటితే సంస్థలు వృత్తిపరమైన పారితోషికంపై సాధారణంగా 10 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసే పన్ను) మినహాయిస్తాయి, పాన్ ఇవ్వకపోతే 20 శాతం, మీ ఆదాయం పన్ను పరిధిలోకి రాకపోతే రిటర్ను దాఖలు చేసి ఆ మొత్తం తిరిగి తెచ్చుకోవచ్చు. ఏడాదికి 20 లక్షల రూపాయల లోపు సేవలకు జీఎస్టీ నమోదు గురించి దిగులు పడనక్కరలేదు.

ఎవరికి ఏది

ఇల్లు గడవడానికి మీ సంపాదన తప్పనిసరైతే స్టూడియో ఉద్యోగమో, బయటి పనికి అడ్డు చెప్పని బడి ఉద్యోగమో చేరండి. వారానికి ఒక పూట మాత్రం ఎవరికీ అమ్మని సొంత కథ బొమ్మలకు ఉంచుకోండి. యానిమేషన్ మీద మనసున్నవారు హైదరాబాద్ వెళ్లడమే మంచిదని పైనే చెప్పాను. పుస్తకాలు, పత్రికలు, ముఖచిత్రాలు కోరుకుంటూ, ఇంట్లో ఏడాదిపాటు భోజనానికి లోటు లేనివారు ఓరుగల్లు విడిచి వెళ్లవద్దని నా సలహా. వారు ఏప్రిల్ నుంచి జూన్ వరకు గోడలు ఒప్పుకుని, ఆ డబ్బుతో వానాకాలమంతా ఒక నమూనా కథ పూర్తిచేసి, దసరా తర్వాత ప్రచురణకర్తలకు పంపి, డిసెంబరు పుస్తక ప్రదర్శన నాటికి కనీసం ఇద్దరు సంపాదకులతో ఉత్తర ప్రత్యుత్తరాలు నడిపే స్థితిలో ఉంటే ఏడాది సరిగా గడిచినట్టే. సాయంత్రం క్లాసులు ఈ క్రమానికి అడ్డు రావు. ఆడపిల్లలకు హైదరాబాద్‌లో ఒంటరిగా ఉండడానికి ఇంట్లో ఒప్పుకోకపోతే, అది వృత్తికి అడ్డంకి అని నిరాశపడనవసరం లేకపోవడానికి కూడా ఈ పద్ధతే ఆధారం.

ఏడాది తర్వాత దారి మార్చాలా వద్దా అన్నది ఆదాయం ఒక్కటే చూసి తేల్చకండి. ఒకసారి పని ఇచ్చినవారు రెండోసారి పిలిచారా, మీరు గీయాలనుకున్న రకం బొమ్మను అడుగుతూ తెలియనివారి నుంచి ఒక్క ఉత్తరమైనా వచ్చిందా అని చూడండి. రెండింటిలో ఒకటి జరిగినా ఇంకో ఏడాది కొనసాగవచ్చు. రెండూ జరగకపోతే, పంపిన నమూనాలను ఇద్దరు సంపాదకులకు చూపించి లోపం ఎక్కడుందో సూటిగా అడిగి, అదే కథను మళ్లీ గీసి పంపాలి. ఆ రెండో పంపకానికి కూడా ఆరు నెలల్లో స్పందన లేకపోతే అప్పుడు స్టూడియో ఉద్యోగాలకు దరఖాస్తు చేసుకోవాలి. ఆ నమూనా కథే అక్కడా ఇంటర్వ్యూలో ముందుగా తెరిచి చూపించవలసిన ఫైలు అవుతుంది.